చల్లముంతలోని బలము

“చల్లకు వచ్చి ముంత దాచనేల” యను సామెత తెలుగునాట నెరుగనివారుండరు. కావలసినది సూటిగా నడుగలేక నసుగువారిని గూర్చి పెద్దలు దానిని వాడుదురు. ఆ యర్థ మటుండగా, ఒకనాటి పల్లెజీవనము దానిలో దాగియున్నది. పాడి లేనివారు ప్రొద్దుటనే ముంత చేతబట్టి పాడి గల యింటికి పోవుట, ఆ యింటి యిల్లాలు అప్పుడే చిలికిన చల్లనుండి రెండు గరిటెలు పోసి పంపుట నిత్యము జరుగుచుండెను. చల్లకు వెల కట్టుట తప్పుగా నెంచెడివారు. వెన్న కాచిన నేతిని మాత్రము సోలలతోను, తవ్వలతోను కొలిచి విక్రయించెడివారు. ఒకదానికి ధర యుండి రెండవదానికి లేకపోవుటచేత, పాలలోని సారమంతయు నేతిలోనికే పోవుననియు, మిగిలిన చల్ల దాహము తీర్చు పుల్లనీరు మాత్రమే యనియు నొక భావము జనులలో స్థిరపడెను.

ఈ భావము నేటికిని పోలేదు. బిడ్డకు నేయి వేసి అన్నము పెట్టగలిగిన తల్లి తృప్తి పడును. మజ్జిగతో పెట్టిన తల్లి చిన్నబుచ్చుకొనును. నేతిలో నేమున్నది, మజ్జిగలో నేమున్నది యను లెక్క చూచినచో, చిన్నబుచ్చుకొనుటకు కారణము కానరాదు.

ఆరేడు శాతము వెన్న గల గేదెపాలు పది లీటర్లు తీసికొని, కాచి చల్లార్చి, చేమిరి వేసి తోడుపెట్టి, తెల్లవారి కవ్వముతో చిలికినచో, వెన్న కాచిన పిదప సుమారు ఆరువందల గ్రాముల నేయి దక్కును. ఆ నేయి దాదాపు పూర్తిగా క్రొవ్వు. నూరు గ్రాములకు 900 కేలరీల శక్తి దానినుండి లభించును. పాలలోని ఎ విటమినులో చాలభాగము దానితోనే పోవును. అయితే కండను పెంచు మాంసకృత్తులు గాని, ఎముకను గట్టిపరచు సున్నము గాని నేతిలో లేవనియే చెప్పవలెను. ఆ పది లీటర్లలోని 350 గ్రాములకు పైబడిన మాంసకృత్తులును, 12 గ్రాములకు తగ్గని సున్నమును చిలికిన కుండలోనే యుండిపోవును. నాటి యిల్లాలు వెల లేనిదని ముంతలలో పోసి పంపినది దీనినే.

మాంసకృత్తులన్నియు నొక్క తీరువి కావు. వరి, గోధుమ, జొన్న మొదలగు ధాన్యములలోని మాంసకృత్తులలో లైసీను అను నంశము తక్కువ. పాల మాంసకృత్తులలో అది సమృద్ధిగా నుండును. కావున పెరుగన్నము తిన్నప్పుడు అన్నములోని లోపమును పెరుగు పూరించును. రెండును కలిసి, విడివిడిగా తిన్నదానికంటె దేహమునకు హెచ్చుగా నుపయోగపడును. భోజనము చివర మజ్జిగ పోసికొననిదే తిన్నట్లు కాదను తెలుగువారి పట్టుదల రుచికొరకే యేర్పడియుండవచ్చును. అయినను శాస్త్రము దానిని తప్పు పట్టుటలేదు. నోటిమూలలు పగులుట, నాలుక యెఱ్ఱబారి మండుట వంటి బాధలకు రైబోఫ్లేవిను అను బి విటమిను లోపము కారణమగుచుండును. ఆ విటమినుకూడ వెన్నతో పోక చల్లలో నిలుచును. విరిగిన పాలపై తేలు తేటలో కనిపించు లేత పసుపుపచ్చని ఛాయ దానిదే. అందుచేత ఇంటిలో పాలు విరుగగొట్టి పనీరు చేసినపుడు ఆ తేటను తూమున పారబోయక, పిండి కలుపుటకో, పప్పు ఉడికించుటకో వాడుట మంచిది.

వెన్న తీసిన పాలు నిజముగా పిల్లలను పెంచునా యను సందేహమునకు సమాధానము పరిశోధనల మూలమున లభించి చాలకాలమైనది. జాన్ బాయిడ్ ఆర్ అను స్కాట్లండు శాస్త్రజ్ఞుడు 1928లో ఒక పరిశోధనా ఫలితమును ప్రకటించెను. అతడు స్కాట్లండు పట్టణములలోను, బెల్‌ఫాస్టునందును బడిపిల్లలను వర్గములుగా విభజించెను. ఒక వర్గమునకు వెన్న తీయని పాలు, ఇంకొకదానికి వెన్న తీసిన పాలు, వేరొకదానికి బిస్కత్తులు నిచ్చి, మరియొకదానికి ఏమియు నీయకుండ కొన్ని నెలలు గడిపిన పిదప బరువును ఎత్తును కొలిపించెను. పాలు త్రాగిన పిల్లలు తక్కినవారికంటె సుమారు ఐదవవంతు హెచ్చుగా పెరిగిరి. వెన్న తీసిన పాలు త్రాగినవారును వెన్న తీయని పాలు త్రాగినవారికి ఏమియు తీసిపోలేదు. బిస్కత్తులలోని శక్తి ఆ పనిని చేయజాలకపోయెను.

మన దేశమున ఇట్టి పరిశోధన నీలగిరులలోని కూనూరున జరిగినది. 1918లో బెరిబెరి వ్యాధి పరిశీలనకై యొక చిన్న గదిలో ప్రారంభమైన ప్రయోగశాల యది. ఐక్రాయిడ్, కృష్ణన్ అను పరిశోధకులు 1937లో ప్రకటించిన వ్యాసమునుబట్టి, సాధారణ భారతీయ భోజనముపై పెరుగుచున్న పిల్లలకు వెన్న తీసిన పాలను అదనముగా నిచ్చినపుడు, వారు అవి దొరకని పిల్లలను బరువునను ఎత్తునను మించిరి. ఆ ప్రయోగశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర తార్నాకయందు వెలయుచున్నది. ఏ పదార్థమున ఏమున్నదో తెలుపు పట్టికలకు దేశమంతటను నేడు ప్రమాణము ఆ సంస్థవారి గ్రంథమే.

ఇంతమాత్రమున వెన్న నిరర్థకమని తలంపరాదు. దానికి డెన్మార్కు దేశచరిత్ర సాక్ష్యము చెప్పుచున్నది. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఆ దేశపు రైతులు వెన్నను విస్తారముగా విదేశములకు అమ్మి, తాము మార్గరీనుతో సరిపుచ్చుకొనుచుండిరి. పేదయిండ్ల పసిబిడ్డలు వెన్న తీసిన పాలతో పెరిగిరి. ఆ బిడ్డలలో కన్ను పొడిబారి, నల్లగ్రుడ్డు మెత్తబడి, తుదకు చూపు పోవు వ్యాధి ప్రబలెను. కార్ల్ బ్లాక్ అను శిశువైద్యుడు దానిని శ్రద్ధతో గమనించెను. 1917లో జర్మను జలాంతర్గాముల దిగ్బంధమువలన ఓడల రాకపోకలు కుంటుపడి, ఎగుమతి తగ్గినది. ఆ సంవత్సరము చివర డెన్మార్కు ప్రభుత్వము వెన్నను చీటీలపై తన ప్రజలకే పంచిపెట్టెను. 1918లో ఆ కంటివ్యాధి దాదాపు కానరాకపోయెను. యుద్ధము ముగిసి వెన్న మరల ఓడలెక్కగా వ్యాధియు మరల తలయెత్తెను. పాడిపంటలు పుష్కలముగా గల దేశమున, పాడివారి బిడ్డలే గ్రుడ్డివారగుట వింతగా తోచును. కొరత పశువులలో లేదు. ఇంటినుండి పోయినదేమి, నిలిచినదేమి యను లెక్కలో నున్నది.

వెన్న లేని యిండ్లలో ఎ విటమినునకు వేరు మార్గములు గలవు. మునగాకు, తోటకూర, పాలకూర, పొన్నగంటికూర, మాగిన బొప్పాయి, మామిడిపండు, గుమ్మడికాయలలోని పసుపువన్నె పదార్థమును దేహము ఎ విటమినుగా మార్చుకొనును. అందుకు కొంచెము క్రొవ్వు తోడు కావలెను గనుక కూరలో ఒక చెంచాడు నూనెయో నేయియో వేయుట అవసరము. చల్ల, ఆకుకూర ఒక్క పళ్లెములో నున్నపుడు డెన్మార్కు బిడ్డలకు లోపించినది చాలవరకు సమకూరును. ఇది గాక, 1970నుండి మన దేశమున పసిపిల్లలకు ఎ విటమిను ద్రావకము నిచ్చు కార్యక్రమము నడుచుచున్నది. తొమ్మిదవ నెలలో మొదటి మోతాదు ప్రారంభించి, అయిదేండ్లు నిండువరకు ఆరేసి నెలల కొకసారి ఇప్పించవలెను. ఆరోగ్య కార్యకర్త వచ్చిన దినమున బిడ్డ నిద్రించుచున్నదని మరలింపరాదు.

డెన్మార్కు ముచ్చట వినినపుడు నేటి భారతదేశము మదికి వచ్చుట సహజము. 1946లో గుజరాతునందలి ఖేడా జిల్లాలో రైతులు సహకార సంఘముగా నేర్పడిరి. 1965లో జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి మండలి, 1970లో క్షీరవిప్లవ పథకము వచ్చినవి. 1998నాటికి భారతదేశము పాల ఉత్పత్తిలో ప్రపంచమున ప్రథమస్థానమునకు చేరినది. 2023-24లో దేశమున 23 కోట్ల 93 లక్షల టన్నుల పాలు లభించెను. తలకు దినమునకు 471 గ్రాములని ప్రభుత్వ గణాంకములు తెలుపుచున్నవి. పల్లెటూరి స్త్రీ చేతికి పది దినముల కొకసారి రొక్కము వచ్చుట ఈ ఏర్పాటు మూలముననే. దాని మేలును ఎవరును కాదనలేరు. అయినను 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో, అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 35.5 మంది వయస్సునకు తగిన ఎత్తు లేకున్నారు. ఎదుగుదల తగ్గుటకు కలుషిత జలము, తరచు వచ్చు విరేచనములు, తల్లి యనారోగ్యము మొదలగు కారణము లెన్నియో గలవు. అన్నిటిని పాలమీద మోపరాదు. కాని తలకు 471 గ్రాములను లెక్క సరాసరి లెక్క. సరాసరి యనునది ఏ బిడ్డ గిన్నెలోను ఒంపబడదు.

తెలుగున ‘పాలు’ అను మాటకు భాగమను నర్థమును గలదు. పాలపంపకమును గూర్చి తలంచునపుడు ఆ రెండర్థములును కలిసిపోవును. చిక్కని పాలు సంపాదించు మగవానికి, మీగడ పెరుగు చదువుకొను కుమారునకు, మిగిలినది కుమార్తెలకు. పశువునకు కుడితి పెట్టి, పేడ యెత్తి, పాలు పితికి, చల్ల చిలికిన కోడలికి అడుగంటిన కుండ కడిగిన నీరు. ఈ పంపకము నెవరును శాసనముగా వ్రాయలేదు. వ్రాయకయే పెక్కు ఇండ్లలో జరుగుచున్నది. ఆ కోడలు గర్భవతియైనచో లోపలి బిడ్డ యెముకలకు కావలసిన సున్నము ఆమె దేహమునుండియే పోవలెను. పాలిచ్చు కాలమున ఈ వ్యయము ఇంకను హెచ్చు. భోజనము చివర తనకొక గిన్నెడు పెరుగు ఉంచుకొనుట ఆమె స్వార్థము కాదని అత్తగారు నోరు తెరచి యొకమాట అనగలిగినచో, అది డబ్బు ఖర్చులేని వైద్యము.

పసిబిడ్డల విషయమున ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప, మంచినీరుకూడ అక్కరలేదు. ఆపై మెత్తని యన్నము, పప్పు, కూరలు, గ్రుడ్డు అలవాటు చేయుచు, రెండేండ్లవరకును, వీలైన ఆపైనను, తల్లిపాలు కొనసాగించవలెను. ఏడాదిలోపు బిడ్డకు ఆవుపాలు గాని గేదెపాలు గాని ముఖ్యాహారముగా పోయరాదు. ఏలయనగా వానిలో ఇనుము మిక్కిలి స్వల్పము. లేత ప్రేగుల కవి భారము. పాలతోనే కడుపు నిండిన బిడ్డ అన్నము ముట్టడు. బొద్దుగా, తెల్లగా నున్నాడని ఇంటిల్లిపాది మురియుచుండగనే రక్తము క్షీణించిన బిడ్డలను వైద్యులు తరచు చూచుచున్నారు. డబ్బాపాల ప్రకటనలను 1992నాటి శాసనము నిషేధించినది; ఆ పాలను ఖరీదునకు జంకి పలుచగా కలుపుటయు, సీసాలను సరిగా కడుగకుండుటయు బిడ్డల ప్రాణములమీదికి తెచ్చినందువలననే అట్టి శాసనము అవసరమైనది.

ఎదిగినవారికి దినమున కెంత కావలెను? జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో వెలువరించిన సూచనలలో, 2000 కేలరీల భోజనమునకు 300 మిల్లీలీటర్ల పాలు లేక పెరుగు చేర్చిరి. తేనీటిలో పడిన నాలుగు చెంచాల పాలు ఈ లెక్కలోనికి పెద్దగా రావు. మజ్జిగ నీటిపాలు చూచి లెక్కింపవలెను. పెరుగునకు రెట్టింపు మూడురెట్లు నీరు చేర్చి చిలికిన మజ్జిగ నూరు గ్రాములలో మాంసకృత్తులు ఒక గ్రామైనను నుండవు. సున్నము 30 మిల్లీగ్రాములు. అదే తూకపు ఆవుపాలలో మాంసకృత్తులు మూడు గ్రాములకు పైగాను, సున్నము సుమారు 120 మిల్లీగ్రాములును నుండును. వేసవి యెండలో ఉప్పు, అల్లము, కరివేపాకు చేర్చి త్రాగు పలుచని మజ్జిగ దాహమునకు దివ్యమైనది. బిడ్డ అన్నములో కలుపు మజ్జిగ మాత్రము చెంచాకు అంటుకొనునంత చిక్కగా నుండవలెను.

పాలు కొనుట భారమైన ఇండ్లలో రాగులు గొప్ప ఆసరా. నూరు గ్రాముల రాగులలో సున్నము 340 మిల్లీగ్రాములకు పైబడి యుండును. ఇతర ధాన్యములలో దానికి సాటి లేదు. రాగిపిండిని రాత్రి నానబెట్టి పులియనిచ్చి, ఉదయమున కాచి, చల్లారిన పిదప మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకొని త్రాగు అంబలి రాయలసీమయందును తెలంగాణమందును కూలిజనుల నిత్యాహారముగా నుండెను. ధాన్యము, చల్ల, పులుపు ఒక్క చెంబులో కూడిన ఆ ఆహారమును పట్టణములకు పోయినవారు నామోషీగా నెంచి విడిచిరి. ఇప్పుడు మరల మట్టిముంతలలో పోసి దారిప్రక్కల అమ్ముచుండగా కొని త్రాగుచున్నారు!

పాలు త్రాగినంతనే కడుపుబ్బరము, విరేచనము కలుగువారు కొందరుందురు. పెరిగి పెద్దయైన పిదప పాలలోని చక్కెరను జీర్ణించు శక్తి తగ్గుటయే దానికి కారణము. అట్టివారికి పెరుగు సాధారణముగా సరిపడును. తోడులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత భాగమును పులుపుగా మార్చి, మిగిలినది అరుగుటకును తోడ్పడును. పాలు పడవని పెరుగునుకూడ మానుట తొందరపాటు. శాకాహారులు మానినచో బి 12 విటమినునకు వారికున్న ముఖ్యమైన త్రోవ మూసికొనిపోవును.

పితికిన పాలను పొంగువరకు కాచి వాడవలెను. పచ్చిపాలే బలమను మాట ప్రమాదకరము. పశువులనుండి మనుష్యులకు సోకు క్షయ, వారముల తరబడి వచ్చిపోవు బ్రుసెల్లా జ్వరము పచ్చిపాల ద్వారమున వ్యాపించును. ఈనిన పశువు తొలిపాలతో జున్ను వండునపుడును బాగుగా ఉడుకనీయవలెను. పట్టణములలో సంచులలో అమ్ము పాలు ముందే వేడిచేసి చల్లబరచినవి. అయినను దారిలోను అంగడిలోను అవి ఎంతసేపు చల్లదనములేక పడియున్నవో కొనువారికి తెలియదు గనుక, కాచుకొనుటయే మేలు. ఆ సంచిమీది పేర్లను చదువుట అలవరచుకొనవలెను. పూర్ణ మీగడ పాలలో వెన్న నూటికి 6 వంతులు, టోన్డు పాలలో 3, డబుల్ టోన్డు పాలలో 1.5 వంతులు. వెన్న తగ్గినంత మాత్రమున మాంసకృత్తులు గాని సున్నము గాని తగ్గవు. కావున స్థూలకాయులు, గుండెజబ్బు గలవారు, నడివయస్సు దాటినవారు తక్కువ వెన్న గల పాలను నిశ్చింతగా కొనవచ్చును, ధరయు తక్కువ. రెండేండ్లలోపు పిల్లలకు మాత్రము అవి తగవు. ఎ, డి విటమినులు చేర్చిన పాలసంచులపై కూడిక గుర్తు, దాని ప్రక్క ‘ఎఫ్’ అను ఆంగ్లాక్షరము నుండును.

పాలకేంద్రమున పాలు పోసినవారికి ఇచ్చు చీటీపై సాధారణముగా రెండు అంకెలుండును. మొదటిది వెన్నశాతము; అందరి చూపును దానిమీదనే. రెండవది వెన్న గాక మిగిలిన ఘనపదార్థముల శాతము. మాంసకృత్తులు, సున్నము, పాలచక్కెర అన్నియు దానిలోనే యున్నవి. నాటి చల్లముంత నేడు ఆ రెండవ అంకెగా మారినది. ముంతలో పోసిన చల్ల ప్రక్కయింటి బిడ్డకైనను చేరెడిది. కేంద్రములో పోసిన పాలతో ఆ భాగమును ఊరు దాటిపోవుచున్నది. నలుగురు గల కుటుంబమునకు తలకు 300 మిల్లీలీటర్ల చొప్పున దినమునకు ఒక లీటరు రెండువందల మిల్లీలీటర్లు కావలెను. పూటకు మూడు లీటర్లిచ్చు గేదె యున్న యింట అది రెండు పూటల పాలలో అయిదవ వంతు. ఉదయమున కేంద్రమునకు బయలుదేరుటకు ముందే ఆ వంతును వేరుగా కొలిచి, కాచి, తోడుపెట్టి ఉట్టిమీద నుంచినచో, తక్కిన నాలుగు వంతులు పాలకేంద్రమునకు పోవచ్చును.